నదిలో కలిసిన విషం సముద్రం అడుగుకు ఎలా చేరుతుంది?

మూసీ గురించి ఎప్పుడు చర్చ మొదలైనా ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఎంత కలిపినా చివరికి సముద్రమే కదా, అన్ని నీళ్ళలో పలచబడిపోతుంది." వినడానికి సబబుగానే ఉంటుంది. బంగాళాఖాతం ముందు మూసీ ఎంత? ఉప్పు, యూరియా లాంటి నీళ్ళలో ఇట్టే కరిగిపోయే వాటి విషయంలో ఆ మాటలో కొంత నిజం కూడా ఉంది.

కానీ కొన్ని రసాయనాలు అసలు నీళ్ళతో ప్రయాణం చేయవు. నదిలో ఉన్నంతసేపు బురదను పట్టుకుంటాయి, సముద్రంలోకి వెళ్ళాక నాచును, రొయ్య పిల్లలను, చేపల కొవ్వును పట్టుకుంటాయి. నీళ్ళ దారి వేరు, వాటి దారి వేరు. కాబట్టి నీళ్ళు ఎంత పలచబడినా అవి పలచబడాలని లేదు, కొన్నిచోట్ల ఉల్టా పోగుపడతాయి కూడా. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. అందుకే కాస్త మొదటి నుంచి వస్తాను.

## ఏ రసాయనాల గురించి ఈ మాటలు

సేంద్రియ కాలుష్యం అన్నప్పుడు ఇక్కడ అర్థం ఒకటే, కార్బన్ ఆధారంగా కట్టుకున్న రసాయనాలు. ఆ లెక్కన పేడ, కుళ్ళిన ఆకులు, మురుగునీటిలోని మలినం కూడా సేంద్రియమే. అవి నదికి మంచివి కావు, ఆక్సిజన్‌ను తినేస్తాయి, చేపలు తేలిపోతాయి, కానీ రోజుల్లోనో వారాల్లోనో సూక్ష్మజీవులు వాటిని తినేసి ఖాళీ చేస్తాయి. సముద్రం లోతుల దాకా చెక్కుచెదరకుండా వెళ్ళేవి ఇవి కావు.

వెళ్ళేవి వేరే ఉన్నాయి. డీడీటీ, ఎండోసల్ఫాన్, లిండేన్ లాంటి పురుగుమందులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీలు, చెత్త తగలబెట్టినప్పుడు పుట్టే డయాక్సిన్లు. వీటికి మూడు గుణాలు ఉమ్మడిగా ఉంటాయి. సూక్ష్మజీవులు వీటిని అంత తొందరగా విరగ్గొట్టలేవు. నీళ్ళలో దాదాపు కరగవు, నూనెలో, కొవ్వులో బాగా కరుగుతాయి. ఒంట్లోకి పోతే బయటికి రావు, చిన్న చేపను పెద్ద చేప, పెద్ద చేపను ఇంకా పెద్దది తింటూ పోయేకొద్దీ మోతాదు పెరుగుతూ పోతుంది. ఇలాంటి రసాయనాలను అడ్డుకోవడానికి దేశాలు కుదుర్చుకున్నదే స్టాక్‌హోమ్ ఒప్పందం, అది 12 రసాయనాలతో మొదలైంది. 2001లో కుదిరింది, 2004 మే నుంచి అమల్లోకి వచ్చింది, మన దేశం 2006 జనవరిలో ఆమోదించింది. జాబితా తర్వాత పెరుగుతూ వచ్చింది. మన దగ్గర డీడీటీని పంటల మీద వాడటం 1989లోనే నిషేధించారు, దోమల కోసం మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వాడారు. ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపేసింది, దాని వెనక కేరళలోని కాసర్‌గోడ్ జనం పడ్డ బాధ ఉంది.

## నీళ్ళు కాదు, బురదే బండి

పసుపు మరక పడ్డ బట్టను వట్టి నీళ్ళలో ఎంత జాడించినా మరక పోదు, ఎందుకంటే పసుపులోని రంగు నీళ్ళలోకి రాదు, నూలు పోగునే పట్టుకుని ఉంటుంది. డీడీటీ, పీసీబీలు కూడా నదిలో అలాగే ప్రవర్తిస్తాయి. నీళ్ళలో ఉండటం వాటికి ఇష్టం ఉండదు, పక్కన ఏ సేంద్రియ పదార్థం దొరికితే దానికి అంటుకుంటాయి. ఒండ్రు మట్టి రేణువుల మీద కుళ్ళిన ఆకుల సారం ఒక పలచటి పూతలా ఉంటుంది, వాటికి కావలసింది సరిగ్గా అదే.

దీన్ని లెక్కగా చూస్తే బాగా తెలుస్తుంది. ఒక రసాయనం తీసుకుందాం. ఒక లీటరు నీళ్ళు పట్టుకునే దానికన్నా ఒక కిలో సేంద్రియ కార్బన్ దాన్ని 10 లక్షల రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది అనుకుందాం, నీళ్ళంటే బాగా గిట్టని రసాయనాలకు ఇది అతిశయోక్తి ఏమీ కాదు. ఒండ్రులో సేంద్రియ కార్బన్ 1 శాతం ఉందనుకుంటే, ఒక కిలో ఒండ్రు 10 వేల లీటర్ల నీళ్ళతో సమానం.

ఇప్పుడు నది మామూలుగా పారుతోంది, లీటరుకు 100 మిల్లీగ్రాముల బురద ఉంది. అంటే 10 వేల లీటర్లలో ఒక కిలో బురద. ఆ ఒక్క కిలో బురద, ఆ 10 వేల లీటర్ల నీళ్ళు, రెండూ చెరిసగం పంచుకుంటాయి. సగం రసాయనం నీళ్ళలో, సగం బురదలో.

వరద వచ్చింది. లీటరుకు ఒక గ్రాము బురద. అదే 10 వేల లీటర్లలో ఇప్పుడు 10 కిలోలు. పదకొండు వాటాల్లో పది బురదవి, ఒకటి నీళ్ళది. అంటే దాదాపు 91 శాతం బురద మీదే ఉంది. ఎండాకాలంలో నీళ్ళు తేటగా ఉండి లీటరుకు 10 మిల్లీగ్రాములే ఉంటే లెక్క తిరగబడుతుంది, బురద మీద ఉండేది 9 శాతమే.

అదే నీళ్ళలో బాగా కరిగే ఇంకో రసాయనానికి ఒక కిలో ఒండ్రు ఒక లీటరు నీళ్ళతోనే సమానం అనుకోండి. అంత వరదలో కూడా బురద మీద ఉండేది వెయ్యిలో ఒక వంతు.

ఈ లెక్కలోంచి ఒక పెద్ద చిక్కు బయటపడుతుంది. నీళ్ళ నమూనాను వడపోసి, వడపోసిన తేట నీళ్ళనే పరీక్షిస్తే వరద రోజున ఆ 91 శాతం ఫిల్టర్ కాగితం మీదే ఉండిపోతుంది. రిపోర్టులో "కనిపించలేదు" అని వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కొలిచింది వేరు, అంతే. నదుల గురించి రెండు రిపోర్టులు రెండు రకాలుగా చెప్పడానికి చాలాసార్లు కారణం ఇదే. పైగా నీళ్ళలో కంటికి కనపడనంత సన్నగా తేలే సేంద్రియ సారం కూడా ఉంటుంది, అది ఫిల్టర్‌లోంచి దూరిపోతుంది, దానికి అంటుకున్న రసాయనం "కరిగినది" లెక్కలోకి వెళ్ళిపోతుంది. అందుకే నీళ్ళలో, బురదలో అన్న గీత కాగితం మీద కనిపించినంత స్పష్టంగా నదిలో ఉండదు.

ఇంకో సంగతి. మన నదుల్లో నీరు ఎక్కువ భాగం పారేది జూన్ నుంచి అక్టోబరు లోపే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో నీళ్ళూ ఎక్కువే, ప్రతి లీటరులో బురదా ఎక్కువే. ఏడాదంతా గట్ల మీద, వాగుల్లో, పొలాల్లో పేరుకున్నది కొద్ది రోజుల్లో కదిలిపోతుంది. ఎర్రనీరు వచ్చిందని పులస కోసం గోదావరి జిల్లాల్లో ఎదురుచూసే ఆ రోజులే ఈ రసాయనాలకు కూడా ప్రయాణపు రోజులు.

## మూసీ నుంచి హంసలదీవి దాకా

హైదరాబాద్ దాటిన మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఆ తర్వాత డెల్టా పాయలు, హంసలదీవి దగ్గర సముద్రం. మ్యాప్‌లో తిన్నగా గీత గీయొచ్చు. కానీ మూసీలో కలిసిన ప్రతిదీ ఈ గీత చివరి దాకా వెళ్తుందని అనుకుంటే పొరపాటు. బురద మీద కూర్చున్నది మొదటి నిలువ నీళ్ళు తగలగానే, అంటే ఏదో ఒక ఆనకట్ట వెనక, బురదతో పాటే కిందికి దిగుతుంది. తర్వాతి పెద్ద వరద వచ్చే దాకా అక్కడే ఉండొచ్చు, దశాబ్దాలు ఉండొచ్చు. నీళ్ళు వారాల్లో సముద్రం చేరితే బురద చేరడానికి ఒక తరం పట్టవచ్చు.

మందుల సంగతి ఇంకాస్త తికమకగా ఉంటుంది. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు బయటపెట్టారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ, అదీ శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీళ్ళలో! ప్రపంచమంతా ఆ అంకె చూసి ఉలిక్కిపడింది.

సిప్రోఫ్లాక్సాసిన్‌కు కొవ్వు మీద ప్రేమేమీ లేదు. పై లెక్క ప్రకారం అది నీళ్ళతోనే పోవాలి. కానీ దాని అణువుకు విద్యుదావేశం ఉంటుంది, మట్టి రేణువులకు వ్యతిరేక ఆవేశం ఉంటుంది, ఆ ఆకర్షణ వల్ల అది కూడా మట్టినే పట్టుకుంటుంది. మరో పక్క ఎండ తగిలితే విరిగిపోతుంది. ఇక ఉప్పు నీళ్ళలోకి వెళ్ళాక సోడియం, మెగ్నీషియం పోటీకి వచ్చి మట్టి మీద దాని పట్టు సడలే అవకాశం ఉంది. పీసీబీలు దీనికి పూర్తిగా ఎదురు, నీళ్ళలో ఉప్పు పెరిగేకొద్దీ అవి నీళ్ళను ఇంకా వదిలించుకుంటాయి, బురదను ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అందుకని "కాలుష్యం సముద్రంలోకి వెళ్తోందా?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు, ఏ రసాయనం అని ముందు అడగాలి.

## మొగ దగ్గర ఆగిపోయేదే ఎక్కువ

వరద రోజుల్లో అంతర్వేది మొగ దగ్గర, అంటే గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట, నిలబడి చూస్తే నది ఎర్రగా వచ్చి సముద్రంలో కొంత దూరం వరకు వేరుగానే కనిపిస్తుంది, ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య నురగతో ఒక గీత ఉంటుంది. ఆ గీత దగ్గర కింద జరిగేది ఈ మొత్తం ప్రయాణంలో చాలా ముఖ్యమైన ఘట్టం.

మంచినీళ్ళలో బంకమట్టి రేణువులన్నీ ఒకే రకం ఆవేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పు తగలగానే ఆ నెట్టుడు తగ్గిపోతుంది, రేణువులు ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో నాచు, సూక్ష్మజీవుల జిగురు కూడా చేరి, కంటికి కనిపించేంత మెత్తటి ఉండలు కడతాయి. బరువెక్కి కిందికి దిగుతాయి. దానికి తోడు ఆటుపోట్లు. పోటు వచ్చినప్పుడు బురదను లోపలికి తోస్తుంది, కోరింగ మడ అడవుల వేళ్ళ మధ్య, కాకినాడ అఖాతంలో ప్రశాంతంగా ఉన్న నీళ్ళలో అది కుదురుకుంటుంది.

అందుకే నదులు తెచ్చే బురదలో ఎక్కువ భాగం, దానితో పాటు రసాయనాల్లోనూ ఎక్కువ భాగం, డెల్టాలోనో తీరానికి దగ్గరి లోతు తక్కువ సముద్రంలోనో ఆగిపోతుంది. గంగ, బ్రహ్మపుత్ర విషయంలో శాస్త్రవేత్తలు వేసే స్థూల లెక్క ఒకటుంది. ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల మట్టి వస్తే రమారమి మూడో వంతు మైదానాల్లో, మూడో వంతు తీరం దగ్గర, మిగిలిన మూడో వంతు లోతు సముద్రం వైపు. వేరే నదుల్లో ఈ చివరి వాటా ఇంకా చాలా తక్కువ ఉండొచ్చు. లోతుకు వెళ్ళేది తక్కువే అని ఒప్పుకోవాలి. కాకపోతే వెళ్ళింది మాత్రం వెనక్కి రావడానికి శతాబ్దాలు పడుతుంది.

## అక్కడి నుంచి లోతుకు నాలుగు దారులు

మొదటిది మామూలుగా మునిగిపోవడం. కానీ ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఉన్న బంకమట్టి రేణువు ఒంటరిగా మునగాలంటే రోజుకు 7 సెంటీమీటర్లు కూడా కష్టమే. 3,000 మీటర్ల లోతు చేరడానికి వందేళ్ళకు పైనే పడుతుంది, ఈలోగా ప్రవాహాలు దాన్ని ఏ సముద్రానికి తీసుకుపోతాయో చెప్పలేం. అసలు జరిగేది వేరు. పైన చచ్చిన నాచు, చిన్న జీవుల మలం, జిగురు, మట్టి అన్నీ కలిసి ముక్కలు ముక్కలుగా తెల్లగా రాలుతుంటాయి. దాన్ని శాస్త్రవేత్తలు సముద్రపు మంచు అంటారు. అది రోజుకు 100 మీటర్లు దిగిందనుకున్నా అదే 3,000 మీటర్లకు నెల రోజులు చాలు. నాచు, మలం అంటే సేంద్రియ కార్బన్, అంటే పీసీబీలకు ఇష్టమైన చోటు. నీళ్ళలో మిగిలిన ఆ కాస్త కరిగిన రసాయనాన్ని కూడా పీల్చుకుని మరీ దిగుతాయి.

రెండోది అడుగున పారే బురద ప్రవాహం. తీరానికి దూరంగా సముద్రం అడుగున పెద్ద లోయలు ఉంటాయి, నదుల మొగలకు ఎదురుగా చాలాసార్లు కనిపిస్తాయి. ఆ లోయల అంచున ఏళ్ళ తరబడి పేరుకున్న బురద తుపానుకో, భూకంపానికో, పెద్ద వరద తర్వాతో ఒక్కసారిగా జారితే, నీళ్ళ కన్నా బరువైన ఆ మడ్డి ప్రవాహం లోయ వెంబడి వందల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. ఇది ఊహ కాదు. ఆఫ్రికాలో కాంగో నదికి 2019 చివర్లో భారీ వరదలు వచ్చాయి. కొన్ని వారాల తర్వాత, 2020 జనవరి మధ్యలో, కాంగో మొగ దగ్గర మొదలయ్యే సముద్రపు లోయలో ఇలాంటి ప్రవాహం కదిలి 1,100 కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. సెకనుకు 8 మీటర్ల వేగం దాకా అందుకుంది. దారిలో సముద్రగర్భ కేబుళ్ళను తెంచేసింది, నైజీరియా నుంచి దక్షిణాఫ్రికా దాకా ఇంటర్నెట్ నెమ్మదించింది. నదిలో వరద, లోతు సముద్రంలో ప్రవాహం, మధ్యలో కొన్ని వారాలే. ఈ దారిలో వెళ్ళే బురద నెమ్మదిగా రాలదు, తాజాగా, తనతో అంటుకున్నవన్నీ మోసుకుని వెళ్ళిపోతుంది.

మూడోది ప్రాణులు. పగలంతా వందల మీటర్ల లోతు చీకట్లో దాక్కుని, రాత్రి పైకొచ్చి మేసి, తెల్లవారేసరికి మళ్ళీ దిగిపోయే చిన్న చేపలు, రొయ్య జాతి జీవులు ప్రపంచ సముద్రాలన్నిటిలో ఉన్నాయి. పైన తిన్న రసాయనం వాటి కొవ్వులో కిందికి వెళ్తుంది, వాటిని కింద ఉండే చేపలు తింటాయి. తిమింగలం చచ్చి అడుగుకు చేరితే ఒక జీవితకాలం కూడబెట్టిన పీసీబీలు ఒకేసారి అక్కడి జీవులకు ఆహారమవుతాయి.

నాలుగోది నీళ్ళే. చలికాలంలో చల్లబడి బరువెక్కిన తీరపు నీళ్ళు కొన్నిచోట్ల లోయల గుండా కిందికి జారిపోతాయి. ఫ్రాన్స్‌లో రోన్ నది కలిసే లియాన్ అఖాతంలో 2005 చలికాలంలో ఇది భారీగా జరిగింది, అడుగునున్న బురదను ఊడ్చుకుని మరీ మధ్యధరా లోతుల్లోకి పోయింది. నీళ్ళలో కరిగే పీఫాస్ రసాయనాలకు, అంటే అంటుకోని పెనాలకు, మంటలార్పే నురగలకు వాడిన వాటికి, నీటి దారే ముఖ్యం. వాటిలో రెండు ముఖ్యమైనవి 2009లో ఒకటి, 2019లో ఒకటి స్టాక్‌హోమ్ జాబితాలో చేరాయి. ఉత్తర అట్లాంటిక్‌లో నీళ్ళు మునిగేచోట ఇవీ మునుగుతాయి.

## బంగాళాఖాతం తీరు వేరు

బంగాళాఖాతంలో ఆ నాలుగో దారి దాదాపు లేదు. నదుల మంచినీళ్ళు, వాన నీళ్ళు పైన ఒక తేలికపాటి పొరగా పరుచుకుని ఉంటాయి, కింది ఉప్పు నీళ్ళతో అంత తేలిగ్గా కలవవు. ఇది చూసి కొందరు కాలుష్యం పైనే ఉండిపోతుందని అనుకుంటారు. కానీ 1980ల చివర్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి బంగాళాఖాతం లోతుల్లో గరాటు లాంటి బుట్టలు వేలాడదీసి పైనుంచి రాలేదాన్ని పట్టి చూస్తే, నదులు పొంగే కాలంలో రాలేది పెరుగుతోందని తేలింది. నదుల సన్నటి మట్టి, రాలే నాచు ముక్కల్లో ఇరుక్కుని వాటికి బరువునిస్తుంది, దాంతో తొందరగా దిగుతాయి. నీళ్ళు కలవకపోయినా రేణువులు దిగుతూనే ఉంటాయన్నమాట.

ఇక అడుగున ఉన్నది ప్రపంచంలోనే అతి పెద్ద మట్టి మేట. బంగ్లాదేశ్ తీరానికి ఎదురుగా ఉన్న పెద్ద లోయ గుండా హిమాలయాల మట్టి లక్షల ఏళ్ళుగా దిగి, శ్రీలంకను దాటి సుమారు 3,000 కిలోమీటర్లు పరుచుకుంది. విశాఖ నుంచి తూర్పుకు పోయి లోతు సముద్రం అడుగును తాకితే దొరికేది చాలావరకు గంగా బ్రహ్మపుత్రల మట్టే.

మన గోదావరి వాటా ఎంత? దీనికి ఒక చక్కటి సాక్ష్యం అనుకోకుండా దొరికింది. 2006లో కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (అడుగు మట్టిలో మంచులా గడ్డకట్టి ఉండే గ్యాస్) కోసం తవ్వినప్పుడు, 1,268 మీటర్ల లోతున ఉన్న అడుగు నుంచి ఒక మట్టి స్తంభం తీశారు. అందులో ఆకుల మీద ఉండే మైనం దొరికింది. దక్కన్ పీఠభూమి మీది చెట్లూ గడ్డీ రాల్చిన ఆకుల మైనం గోదావరి వెంట వచ్చి, మొగ దాటి, కిలోమీటరుకు పైగా లోతున పొరలు పొరలుగా దాచిపెట్టి ఉంది. దాన్ని చదివి సుమారు గత 10 వేల ఏళ్ళలో మన దగ్గర వానలు ఎలా తగ్గుతూ వచ్చాయో 2012లో ఒక పరిశోధన చెప్పింది. ఆకు మైనం నీళ్ళలో కరగదు, బురదకు అంటుకుంటుంది, త్వరగా విరగదు. అంటే డీడీటీకి ఉన్న గుణాలే దీనికీ ఉన్నాయి. ఇది వెళ్ళిన దారిలో అది వెళ్ళదు అనడానికి కారణం కనపడదు. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో మనసుకు బాగా పట్టిన సాక్ష్యం ఇదే.

## నది తెచ్చిందా, గాలి తెచ్చిందా?

ఇక్కడ శాస్త్రవేత్తల్లోనే రెండు వాదనలున్నాయి, రెండిటికీ బలముంది.

2017లో జేమీసన్ అనే శాస్త్రవేత్త బృందం పసిఫిక్‌లోని మరియానా, కెర్మాడెక్ అగాధాల్లోకి ఎర కట్టిన బోనులు దించి రొయ్యకు దూరపు చుట్టం లాంటి చిన్న జీవులను పట్టింది. కొన్ని 10 కిలోమీటర్ల లోతు నుంచి వచ్చాయి. ఎండ ఎరగని చోట బతికే ఆ జీవుల ఒంట్లో పీసీబీలు ఉన్నాయి. మరియానా వాటిలో అత్యధిక స్థాయి, చైనాలో బాగా కలుషితమైన లియావో నది నీళ్ళు పారే వరి మళ్ళలోని పీతల కన్నా 50 రెట్లు ఎక్కువ. పీసీబీల తయారీ 1970ల తర్వాత చాలా దేశాల్లో ఆగిపోయిందని గుర్తుంచుకుంటే ఇది ఇంకా బాధ కలిగిస్తుంది. అప్పటికే ప్రపంచంలో తయారైనది సుమారు 13 లక్షల టన్నులు.

గాలి వాదన ఇలా సాగుతుంది: ఈ రసాయనాలు వేడి ప్రదేశాల్లో కాస్త కాస్తగా ఆవిరై, చల్లటి చోట దిగి, మళ్ళీ లేచి, అలా ప్రపంచమంతా తిరుగుతాయి. కెనడా ఉత్తరాన నునావిక్‌లో ఫ్యాక్టరీలు లేవు, అయినా 1980లలో అక్కడి ఇన్యుయిట్ తల్లుల పాలలో పీసీబీలు చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తీరానికి దూరంగా ఉన్న నడి సముద్రానికి నది బురద ఎక్కడ చేరుతుంది? కాబట్టి అక్కడ దొరికేది ప్రధానంగా గాలి నుంచి దిగిందే.

నది వాదన చెప్పేదేమంటే, గాలి నడి సముద్రపు పై నీళ్ళ లెక్క చెప్పగలదు కానీ బరువైన పీసీబీలు అంత తేలిగ్గా ఆవిరి కావు. అవి బురదనే నమ్ముకుంటాయి. పైగా లోయల్లో పారే బురద ప్రవాహాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి, కొలిచే పరికరాలను కూడా కొట్టుకుపోతాయి, అందుకే వాటి వాటాను ఇన్నాళ్ళూ తక్కువ లెక్కగట్టాం.

నా అంచనాలో ఈ రెండూ పోటీ కాదు, దూరాన్ని బట్టి మారే వాటాలు. లోయలున్న తీరానికి ఎదురుగా నదిది పైచేయి, నడి సముద్రంలో గాలిది. తేల్చుకోవడానికి కొన్ని ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. తేలిక రకం పీసీబీలే ఎక్కువుంటే గాలి మీద అనుమానం, బరువైనవీ, వాటితో పాటు భూమి మీది ఆకు మైనమూ కనిపిస్తే నది మీద. డీడీటీ, అది విరగగా వచ్చిన డీడీఈ రెండిటి నిష్పత్తి చూస్తే పాత నిల్వా, కొత్తగా వచ్చిందా అన్నది కొంత తెలుస్తుంది. మరియానా జీవుల విషయంలో మాత్రం ఏ దారి అని ఎవరూ ఖాయంగా చెప్పలేదు.

ప్లాస్టిక్ మీద కూడా ఇలాంటి చర్చే ఉంది. ప్లాస్టిక్ గుళికల మీద పీసీబీలు చుట్టూ ఉన్న నీళ్ళ కన్నా 10 లక్షల రెట్ల దాకా పోగుపడతాయని 2001లోనే జపాన్ పరిశోధకులు చూపించారు, దాంతో ప్లాస్టిక్కే ప్రధాన వాహనం అన్న అభిప్రాయం బలపడింది. తర్వాత లెక్కలు వేసినవాళ్ళు గుర్తుచేసింది ఏమిటంటే, సముద్రంలో నాచు, మట్టి, ప్రాణులు ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి మొత్తం మోతలో ప్లాస్టిక్ వాటా చిన్నదే. రెండూ నిజమే, ఒకటి ఒక గుళిక గురించి, ఇంకొకటి మొత్తం సముద్రం గురించి.

## ఆనకట్ట వెనక ఆగిన బురద

గోదావరి మోసుకొచ్చే బురద 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుంటే, 1990లలో సుమారు 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. దీనివల్ల డెల్టా తీరం కోసుకుపోతోంది, అది వేరే పెద్ద కథ. మన విషయానికొస్తే, బురద ఆగితే దాని మీది విషమూ ఆగినట్టే కదా, మంచిదే అనుకోవచ్చు. కొంత నిజమే. కానీ అది పోలేదు, జలాశయంలో ఉంది.

అమెరికాలోని హడ్సన్ నదిలో దీనికి ఉదాహరణ ఉంది. రెండు ఫ్యాక్టరీల నుంచి 1947 నుంచి 1977 దాకా పీసీబీలు నదిలోకి వెళ్ళాయి, అందులో చాలా భాగం ఫోర్ట్ ఎడ్వర్డ్ అనే చోట పాత ఆనకట్ట వెనక బురదలో చిక్కుకుంది. ఆనకట్ట పాతబడిందని 1973లో తీసేశారు. అన్నాళ్ళూ ఆగిన బురద కదిలి దిగువకు పోయింది. 2009 నుంచి 2015 దాకా నది అడుగును తవ్వి తీసి శుభ్రం చేయాల్సి వచ్చింది. మన జలాశయాల్లో పూడిక తీత గురించి మాట్లాడేటప్పుడు అందరం నీటి నిల్వ ఎన్ని టీఎంసీలు పెరుగుతుందనే చూస్తాం, ఆ పూడికలో ఏముందన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న.

## అడుగుకు చేరాక

చేరినదానికి అక్కడ ఏమవుతుంది? చల్లదనం, చీకటి, కొన్నిచోట్ల ఆక్సిజన్ కొరత, అన్నీ విరిగిపోవడాన్ని నెమ్మదింపజేస్తాయి. తీరానికి ఎదురుగా బురద తొందరగా పేరుకునేచోట కొత్త పొర పాతదాన్ని కప్పేస్తుంది, అలా పూడ్చుకుపోయింది దాదాపు చలామణీలోంచి తప్పుకున్నట్టే. లోతు సముద్రం మనకు ఉపకారం చేస్తోందని వాదించేవాళ్ళు చూపించేది దీన్నే. నడి సముద్రంలో పరిస్థితి వేరు. అక్కడ బురద పేరుకునే వేగం వెయ్యేళ్ళకు కొన్ని మిల్లీమీటర్లే. అంటే పీసీబీలు పుట్టిన తర్వాత గడిచిన ఈ వందేళ్ళ లోపు కాలంలో పడిన పొర ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని కూడా పురుగులు, సముద్ర దోసకాయల లాంటి జీవులు పైకీ కిందికీ కలుపుతూ తింటూనే ఉంటాయి. పూడ్చుకుపోవడం అన్నది అక్కడ ఇంకా మొదలైనట్టే కాదు.

మధ్య హిందూ మహాసముద్రంలో లోహపు గుండ్ల అన్వేషణకు మన దేశానికి 75 వేల చదరపు కిలోమీటర్ల ప్రాంతం కేటాయించి ఉంది, 2021లో లోతు సముద్రాల అన్వేషణ పథకం డీప్ ఓషన్ మిషన్‌కు కేంద్రం ఆమోదం కూడా వచ్చింది. ఆ గుండ్లు అడుగు పైపొరలోనే సగం కూరుకుని ఉంటాయి. తవ్వకాన్ని సమర్థించేవాళ్ళు, తీరానికి అంత దూరంలో రసాయనాల మోతాదు చాలా తక్కువ, లేచే మడ్డి కొంత దూరంలోనే మళ్ళీ దిగిపోతుంది అంటారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు, మోతాదు తక్కువైనా కొవ్వులో పోగుపడే గుణం ఉంది కాబట్టి ఒకసారి లేచినదాన్ని అక్కడి జీవులు మళ్ళీ తింటాయి అంటారు. యంత్రం దిగితే మొట్టమొదట లేచేది ఆ పలచటి పైపొరే. ఇప్పుడు అందులో ఎంత డీడీటీ, ఎంత పీసీబీ ఉన్నాయో తవ్వకానికి ముందే కొలిచి పెట్టుకోకపోతే, ఎవరి మాట నిజమైందో తర్వాత తేల్చడానికి పోల్చి చూసే అంకె ఉండదు.